రాజీనామా – జవాబుదారీతనం: సి.ఐ.ఏ. నాయకత్వ నిష్క్రమణలు (2004–2006), ప్రజాస్పందన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

గూఢచార సంస్థల అధిపతులు పదవులు వదులుకొన్నప్పుడు ఆ నిష్క్రమణను జవాబుదారీతనానికి గుర్తుగా భావించడం పరిపాటి. 2004–2006 సంవత్సరాల మధ్య అమెరికా కేంద్ర గూఢచార సంస్థ సి.ఐ.ఏ.లో వరుసగా జరిగిన రాజీనామాలను, వాటికి చట్టసభ సభ్యులు, పత్రికలు, మాజీ అధికారులు, బాధిత కుటుంబాలు స్పందించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పదవులు వదిలినవారి నిష్క్రమణకు జవాబుదారీ విచారణ కారణం కాలేదనీ, జవాబుదారీ విచారణ పేర్కొన్నవారిపై చర్య ఏదీ లేకపోయిందనీ నిరూపించడం దీని లక్ష్యం. 1961 నాటి అమెరికా, 1974 నాటి ఇజ్రాయెల్ ఉదాహరణలతో పోల్చి, భారతీయ సందర్భానికి ఈ పరిశీలన ఎంతవరకు వర్తిస్తుందో చివరలో చర్చించడమైనది.

కీలకపదాలు: రాజీనామా, జవాబుదారీతనం, గూఢచార సంస్థ, సి.ఐ.ఏ., ప్రజాస్పందన, విచారణ నివేదిక.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'రాజీనామా' అనే మాటకు రెండు వాడుకలు ఉన్నాయి. న్యాయస్థానాల వ్యవహారంలో అది ఉభయపక్షాలు సమాధానపడి రాసుకొన్న ఒడంబడిక పత్రం. 'రాజీ' అంటే సమ్మతి, 'నామా' అంటే పత్రం. ఉద్యోగ, రాజకీయ రంగాలలో అదే మాట పదవిని వదులుకొనే లేఖకు స్థిరపడింది. హిందీలో ఈ రెండో అర్థానికి 'ఇస్తీఫా' అనే వేరే మాట ఉండగా తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు ఒకే మాటతో రెండు పనులూ సాధించుకొన్నాయి. పదవిని వదలడం బాధ్యత వహించడమా, లేక ఇరుపక్షాలూ కుదుర్చుకొన్న సర్దుబాటా అనే సందేహానికి ఆ మాటలోనే చోటుంది. గూఢచార సంస్థల విషయంలో ఈ సందేహం మరింత బలపడుతుంది.

భారతీయ పాఠకుని మనస్సులో రాజీనామాకు ఆదర్శరూపం లాల్ బహదూర్ శాస్త్రి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి జరిగిన రైలు ప్రమాదంలో వందమందికి పైగా మరణించినప్పుడు రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ దానిని అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళ ప్రాంతంలోని అరియలూరు ప్రమాదం తరువాత మళ్లీ సమర్పించిన రాజీనామా ఆమోదం పొందింది. 'నైతిక బాధ్యత' అనే మాట రాజకీయ వ్యవహారంలో వినిపించినప్పుడల్లా ఈ ఉదంతమే ప్రమాణంగా నిలుస్తోంది.

అయితే రైలు ప్రమాదం అందరి కళ్లెదుట జరిగే సంఘటన. కూలిన వంతెన కనిపిస్తుంది, మృతుల సంఖ్య తెలుస్తుంది, విచారణ ఫలితం బయటికి వస్తుంది. మంత్రి రాజీనామా ఆ వివరాలన్నింటికీ పైన చేరే నైతిక చర్య. గూఢచార సంస్థలో పొరపాటు ఏమిటో ప్రజలకు తెలియదు, ఎవరు చేశారో తెలియదు, దిద్దుబాటు జరిగిందో లేదో కూడా తెలియదు. తెలిసేదల్లా ఒక అధికారి వెళ్లిపోయాడన్న వార్త మాత్రమే. మిగిలిన సమాచారమంతా మూసి ఉన్నప్పుడు ఈ ఒక్క వార్తే మొత్తం కథగా చదవబడుతుంది. అలా చదవడంలో ఎంత నిజం ఉంది, ఎంత జారిపోతుంది అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

2. నేపథ్యం – రెండు వైఫల్యాలు:

2004 నాటికి సి.ఐ.ఏ. రెండు పెద్ద వైఫల్యాల భారాన్ని మోస్తోంది. మొదటిది 2001 సెప్టెంబరు 11 దాడులను ముందుగా పసిగట్టలేకపోవడం. రెండవది ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని 2002 అక్టోబరులో ఇచ్చిన జాతీయ అంచనా తప్పని తేలడం. ఈ రెండింటి స్వభావం ఒకటి కాదు. మొదటిది ఉన్న సమాచారాన్ని అవసరమైనవారికి చేర్చలేని వైఫల్యం. రెండవది లేని ఆధారానికి మించి నిశ్చయంగా చెప్పిన వైఫల్యం. మొదటి దానిలో సంస్థ లోపలి పనితీరు ప్రధానం కాగా, రెండవ దానిలో సంస్థకూ పాలకులకూ మధ్య ఉన్న సంబంధం కూడా విచారణాంశమే.

ఈ వైఫల్యాలపై విచారణలు వేరువేరుగా సాగాయి. సెనేట్, ప్రతినిధుల సభల గూఢచార సంఘాలు కలిసి జరిపిన విచారణ 2002 డిసెంబరులో ముగిసింది. ఆ సంయుక్త విచారణ, వ్యక్తిగత బాధ్యతను తేల్చే పనిని ఆయా సంస్థల ఇన్‌స్పెక్టర్ జనరల్‌లకు అప్పగించాలని కోరింది. ఇరాక్ అంచనాపై సెనేట్ గూఢచార సంఘం నివేదిక 2004 జూలై 9న వెలువడింది. సెప్టెంబరు 11 కమిషన్ నివేదిక అదే నెల 22న వచ్చింది. రాజీనామాల కాలక్రమాన్ని ఈ తేదీల పక్కన పెట్టి చూడడం అవసరం.

3. రెండు విడతల నిష్క్రమణలు:

3.1. జూన్ 2004:

1997 జూలై నుంచి సంస్థకు అధిపతిగా ఉన్న జార్జ్ టెనెట్ రాజీనామాను 2004 జూన్ 3న అధ్యక్షుడు జార్జ్ బుష్ ప్రకటించారు. కుటుంబ శ్రేయస్సే తన నిర్ణయానికి ఏకైక కారణమని టెనెట్ ఉద్యోగులతో చెప్పారు. రహస్య కార్యకలాపాల విభాగాధిపతి జేమ్స్ పావిట్ పదవీ విరమణ మరునాడే వెల్లడయింది. సెనేట్ నివేదిక అప్పటికి సిద్ధమవుతోంది. అది వెలువడడానికి అయిదు వారాలు మాత్రమే మిగిలి ఉంది. ఇరాక్ అంచనాలోని ప్రధాన నిర్ధారణలలో చాలావాటిని అతిశయంగా చెప్పారనో, ఉన్న సమాచారం వాటిని సమర్థించదనో ఆ నివేదిక తేల్చింది.

నివేదిక రాకముందే నాయకుడు వెళ్లిపోవడంవల్ల ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. నివేదిక వెలువడిన రోజుకు దానికి సమాధానం చెప్పవలసిన అధిపతి పదవీకాలం రెండు రోజులే ఉంది. టెనెట్ స్వయంగా రాజీనామాకు వైఫల్యాన్ని కారణంగా చూపలేదు. అధ్యక్షుడూ చూపలేదు. అయినా పత్రికలూ రాజకీయ వ్యాఖ్యాతలూ చాలావరకు ఆ రెండింటినీ ముడివేసి చదివారు. రాజీనామా లేఖలో లేని కారణాన్ని పాఠకుడే పూరించాడు. సాహిత్య విమర్శ పరిభాషలో చెప్పాలంటే అభిధలో లేని అర్థం వ్యంజనతో సిద్ధించింది. కావ్యంలో ఇది గుణం. ప్రభుత్వ వ్యవహారంలో మాత్రం అదే పెద్ద లోపమవుతుంది. ధ్వనించిన బాధ్యతకు సాక్ష్యాధారాలు ఉండవు, శిక్ష ఉండదు, తిరిగి విచారించే అవకాశమూ ఉండదు.

3.2. నవంబరు 2004:

టెనెట్ స్థానంలోకి ఫ్లోరిడాకు చెందిన రిపబ్లికన్ ప్రతినిధి పోర్టర్ గాస్ వచ్చారు. ఆయన ఒకప్పుడు సి.ఐ.ఏ. అధికారి. తరువాతికాలంలో ప్రతినిధుల సభ గూఢచార సంఘానికి అధ్యక్షుడు. 2004 సెప్టెంబరు 22న సెనేట్ 77–17 ఓట్లతో ఆయన నియామకాన్ని ఆమోదించింది. సభా సంఘంలో తన దగ్గర పనిచేసిన కొందరు సహాయకులను ఆయన సంస్థలోకి వెంట తెచ్చుకొన్నారు. నవంబరు 2న అధ్యక్ష ఎన్నికలు ముగిశాయి. తాత్కాలిక అధిపతిగా పనిచేసిన ఉపాధిపతి జాన్ మెక్‌లాఫ్లిన్ పదవీ విరమణ నవంబరు 12న వెల్లడయింది. పావిట్ స్థానంలోకి వచ్చిన స్టీఫెన్ కాప్స్, ఆయన సహాయకుడు మైకేల్ సులిక్ నవంబరు 15న రాజీనామా చేశారు.

కొత్త అధిపతి సహాయకులకూ సులిక్‌కూ మధ్య వాగ్వాదం జరిగిందనీ, ఆయనను మరో స్థానానికి మార్చమన్న ఆదేశాన్ని కాప్స్ పాటించక రాజీనామాకే సిద్ధపడ్డారనీ పత్రికలు రాశాయి. ఈ కథనాలు ఎక్కువగా పేరు చెప్పని అధికారుల మాటలపై ఆధారపడినవి. రాజీనామా చేసినవారు బహిరంగంగా కారణం చెప్పలేదు. చెప్పే సంప్రదాయమూ ఆ సంస్థలో లేదు. అదే సమయంలో ఉద్యోగులకు గాస్ పంపిన ఒక ఆంతరంగిక పత్రం బయటపడింది. ఉద్యోగులు ప్రభుత్వ విధానాలకు వ్యతిరేకతను సమర్థించరాదనీ, తమ పనిలో ప్రభుత్వానికి తోడ్పడాలనీ అందులో ఉంది. వాస్తవాలను ఉన్నవి ఉన్నట్లు పాలకులకు అందించాలన్న మాట కూడా అందులోనే ఉంది. వార్తలలో మొదటి మాటకు వచ్చిన ప్రాచుర్యం రెండవదానికి రాలేదు.

4. ప్రజాస్పందన – నాలుగు రకాల అన్వయాలు:

ఈ నిష్క్రమణలపై వచ్చిన స్పందనను స్థూలంగా నాలుగు అన్వయాలుగా విభజించవచ్చు.

మొదటిది ప్రక్షాళన అన్వయం. సంస్థ పనితీరు దెబ్బతిన్నదనీ, కొంతవరకు అదుపు తప్పినదనీ సెనేటర్ జాన్ మెకెయిన్ నవంబరులో వ్యాఖ్యానించారు. ఎన్నికల కాలంలో సంస్థ లోపలివారే పత్రికలకు సమాచారం అందించి ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టారని కొందరు సంప్రదాయవాద వ్యాఖ్యాతలు ఆరోపించారు. ఈ దృష్టిలో రాజీనామాలు సంస్కరణకు చెల్లించవలసిన మూల్యం.

రెండవది పక్షపాత అన్వయం. ప్రతినిధుల సభ గూఢచార సంఘంలో డెమొక్రాట్ల నాయకురాలు జేన్ హార్మన్ వంటివారు, కొత్త అధిపతి వెంట వచ్చిన సహాయకుల పార్టీ దృష్టివల్లనే అనుభవజ్ఞులు వెళ్లిపోతున్నారని విమర్శించారు. ఈ దృష్టిలో రాజీనామా చేసినవారు వృత్తి గౌరవాన్ని కాపాడుకొన్నవారు.

మూడవది బలిపశువు అన్వయం. ఇరాక్ యుద్ధ నిర్ణయం రాజకీయ నాయకులది కాగా మూల్యం మాత్రం గూఢచార అధికారులు చెల్లించారన్నది దీని సారాంశం. సెనేట్ సంఘం కూడా దీనికి పరోక్షంగా ఆస్కారమిచ్చింది. పాలకులు గూఢచార సమాచారాన్ని ఎలా వాడుకొన్నారన్న ప్రశ్నను రెండవ దశకు వాయిదా వేసింది. ఆ దశ పూర్తయ్యేసరికి 2008 జూన్ వచ్చింది. అధికారుల తప్పు ఎన్నికలకు ముందే తేలింది. పాలకుల పాత్ర తేలేసరికి ఆ అధ్యక్షుని రెండవ పదవీకాలం ముగింపుకు వచ్చింది.

నాలుగవది బాధితుల అన్వయం. సెప్టెంబరు 11 దాడులలో ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబాలు ఎవరు వెళ్లిపోయారన్న ప్రశ్నతో తృప్తిపడలేదు. ఎవరు ఏ సమాచారాన్ని ఎప్పుడు చూశారు, చూసి ఏం చేశారు అని అవి అడిగాయి. ఒకప్పుడు బిన్ లాడెన్‌పై నిఘా విభాగానికి నాయకత్వం వహించిన మైకేల్ షూయర్ కూడా 2004 నవంబరులో రాజీనామా చేసి, వ్యక్తిగత బాధ్యతను తేల్చకుండా వ్యవస్థను మాత్రమే నిందించడాన్ని బహిరంగంగా విమర్శించారు.

మొదటి రెండు అన్వయాలు పరస్పర విరుద్ధంగా కనిపించినా వాటి నిర్మాణం ఒక్కటే. రెండూ రాజీనామాను ఎన్నికల రాజకీయాలలోకి దించి, ఎవరి పక్షం గెలిచిందన్న లెక్కకు పరిమితం చేశాయి. ఒకరికి తిరుగుబాటుదారులైనవారు మరొకరికి వీరులయ్యారు. మూడవ అన్వయం న్యాయమైన ఒక ఆక్షేపణను ముందుకు తెచ్చింది గాని, సంస్థలోని తప్పులను కూడా పాలకుల ఖాతాలో వేసే ప్రమాదం దానికి ఉంది. మొదటి రెండింటి రణగొణధ్వనిలో నాలుగవదానికి దక్కవలసిన శ్రద్ధ దక్కలేదు. విమర్శకుని దృష్టిలో విలువైనది మాత్రం ఆ నాలుగవదే. అది వ్యక్తి నిష్క్రమణను విడిచి సంఘటనల క్రమాన్ని అడిగింది.

5. చర్యలేని నివేదిక:

రాజీనామాల సందడి సద్దుమణిగిన తరువాత 2005 జూన్‌లో సి.ఐ.ఏ. ఇన్‌స్పెక్టర్ జనరల్ జాన్ హెల్గర్సన్ నివేదిక పూర్తయింది. సంయుక్త విచారణ కోరిన వ్యక్తిగత జవాబుదారీ పరిశీలన ఇదే. దాడులను తప్పక ఆపగలిగి ఉండే ఏకైక అవకాశం ఏదీ కనిపించలేదని ఈ నివేదిక నిజాయితీగా ఒప్పుకొంది. అయితే దాడులలో పాల్గొన్న ఇద్దరి ప్రయాణాలకు సంబంధించిన ఆరు సందేశాలలో ఒకదానినో అంతకన్న ఎక్కువవాటినో సుమారు 50 నుంచి 60 మంది ఉద్యోగులు చదివారనీ, అయినా ఆ సమాచారం సకాలంలో అందవలసిన చోటికి అందలేదనీ తేల్చింది. టెనెట్ సహా కొందరి పనితీరును జవాబుదారీ మండలి ముందు పరిశీలించాలని సిఫారసు చేసింది.

2005 అక్టోబరులో గాస్ అటువంటి మండలిని ఏర్పాటు చేయబోనని ప్రకటించారు. నివేదిక పేర్కొన్నవారిలో దాదాపు సగంమంది అప్పటికే పదవీ విరమణ చేశారనీ, మిగిలినవారు సంస్థలోని ఉత్తమ అధికారులనీ, వారిని వేలెత్తి చూపితే సాహసించి పనిచేసే స్వభావం దెబ్బతింటుందనీ ఆయన వాదించారు. నివేదిక సంగ్రహం 2007 ఆగస్టులో, అదీ చట్టసభ ఒత్తిడివల్ల మాత్రమే వెలువడింది. అధిక భాగం 2015 జూన్‌లో, అప్పటికీ కొన్ని వాక్యాలు కొట్టివేసిన రూపంలో బయటికి వచ్చింది.

గాస్ వాదనను తేలికగా తోసిపుచ్చడం తగదు. గూఢచర్యం అనిశ్చితితో కూడిన వృత్తి. ప్రతి తప్పుకూ శిక్ష ఉంటే ఏ అధికారీ నిర్ణయం తీసుకొనే సాహసం చేయడు. తెలిసినదంతా అందరికీ పంపి చేతులు దులుపుకొనే పద్ధతి ప్రబలుతుంది. కాని ఈ వాదన శిక్షకు వర్తించినంతగా పరిశీలనకు వర్తించదు. జవాబుదారీ మండలి పని తీర్పు చెప్పడమే కాదు, నిర్దోషులను నిర్దోషులుగా ప్రకటించడం కూడా. నివేదికలోని నిర్ధారణలను టెనెట్ తీవ్రంగా ఖండించారు. మండలి ఉండి ఉంటే ఆ ఖండనకు సాక్ష్యాధారాలతో కూడిన వేదిక దొరికేది. అది లేనందువల్ల తప్పు చేసినవారికి శిక్ష పడలేదు, చేయనివారికి నింద తొలగలేదు.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని స్పష్టంగా గుర్తించాలి. పదవీ విరమణ చేయడం విచారణ అనవసరమనడానికి ఒక కారణమయింది. అంటే నిష్క్రమణ బాధ్యతకు నిదర్శనం కాలేదు సరికదా, దానిని తప్పించుకొనే దారిగా ఉపయోగపడింది. మరోవైపు నవంబరులో వెళ్లిన కాప్స్, సులిక్‌ల రాజీనామాలకూ సెప్టెంబరు 11 వైఫల్యానికీ సంబంధం లేదు. వారి రాజీనామాలు అంతర్గత అధికార వివాద ఫలితాలు. తరువాతి పరిణామం ఈ విషయాన్ని ధ్రువపరుస్తుంది. 2006 మే 5న గాస్ కూడా స్పష్టమైన కారణం చెప్పకుండానే రాజీనామా చేశారు. ఆయన స్థానంలో మైకేల్ హేడెన్ అధిపతి కాగా, అదే ఏడాది కాప్స్ ఉపాధిపతిగా తిరిగి వచ్చారు. 2007లో సులిక్ రహస్య కార్యకలాపాల విభాగానికి అధిపతిగా తిరిగి నియమితులయ్యారు. ప్రక్షాళన అన్నవారి అంచనా, శాశ్వత నష్టం అన్నవారి అంచనా రెండూ మూడేళ్లలో తేలిపోయాయి. తేలనిది ఒక్క జవాబుదారీ ప్రశ్నే.

6. పూర్వోదాహరణలు – గౌరవంతో ఉద్వాసన:

పత్రికా తెలుగులో పదవినుంచి తొలగింపును 'ఉద్వాసన' అంటారు. ఈ మాట పూజావిధానం నుంచి వచ్చింది. ఆవాహన చేసిన దేవతను ఉపచారాల తరువాత గౌరవంగా సాగనంపడం ఉద్వాసన. వార్తలలో ఆ గౌరవార్థం పోయి తొలగింపు అన్న అర్థమే మిగిలింది. గూఢచార సంస్థల చరిత్రలో మాత్రం ఆ మాటకు మూలార్థం ఇంకా చెల్లుతుంది.

1961 ఏప్రిల్‌లో క్యూబాపై బే ఆఫ్ పిగ్స్ దాడి విఫలమైనప్పుడు అధ్యక్షుడు కెనెడీ బాధ్యతను బహిరంగంగా తనపై వేసుకొన్నారు. గాలప్ సర్వేలో ఆయనకు ఆమోదం 83 శాతానికి చేరింది. అధిపతి ఆలెన్ డల్లెస్ వెంటనే వెళ్లలేదు. ఆ ఏడాది నవంబరు చివరలో జాతీయ భద్రతా పతకం స్వీకరించి పదవి విడిచారు. ఉపాధిపతి చార్లెస్ కాబెల్, దాడికి ప్రణాళిక రచించిన రిచర్డ్ బిస్సెల్ 1962 తొలి నెలల్లో నిష్క్రమించారు. సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ లైమన్ కిర్క్‌పాట్రిక్ 1961లోనే రాసిన కఠినమైన నివేదిక 1998 వరకు ప్రజలకు అందలేదు. 2004లోనూ ఇదే క్రమం పునరావృతమయింది. డిసెంబరు 14న టెనెట్‌కు అధ్యక్ష స్వాతంత్ర్య పతకం లభించింది. 2007లో ఆయన ఆత్మకథ వెలువడినప్పుడు కొందరు మాజీ గూఢచార అధికారులు ఆయనకు బహిరంగ లేఖ రాశారు. యుద్ధానికి ముందే నిరసనగా రాజీనామా చేసి ఉండవలసిందనీ, ఆ పతకాన్ని తిరిగి ఇచ్చివేయాలనీ అందులో కోరారు. రాజీనామా చేయడం కాదు, ఎప్పుడు చేశారన్నదే నైతిక ప్రశ్న అని ఆ లేఖ గుర్తుచేసింది.

దీనికి భిన్నమైన క్రమం ఇజ్రాయెల్‌లో కనిపిస్తుంది. 1973 అక్టోబరు యుద్ధంలో ఈజిప్టు, సిరియాల ఆకస్మిక దాడిని అంచనా వేయలేని వైఫల్యంపై న్యాయమూర్తి షిమోన్ అగ్రనాట్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. 1974 ఏప్రిల్ ఆరంభంలో వెలువడిన దాని మధ్యంతర నివేదిక, సైనిక గూఢచార విభాగాధిపతి ఎలీ జెయిరాను, సేనాధిపతి డేవిడ్ ఎలాజార్‌ను పదవులనుంచి తప్పించాలని సిఫారసు చేసింది. ప్రధాని గోల్డా మెయిర్, రక్షణ మంత్రి మోషే దయాన్‌లను ప్రత్యక్ష బాధ్యతనుంచి విముక్తం చేసింది. ప్రజలు దానితో తృప్తిపడలేదు. యుద్ధంనుంచి తిరిగివచ్చిన మోట్టి అష్కెనాజీ అనే రిజర్వు సైనికాధికారి ఒంటరిగా మొదలుపెట్టిన నిరసన అప్పటికే పెద్ద ఉద్యమంగా మారింది. కొద్ది రోజులలోనే గోల్డా మెయిర్ రాజీనామా ప్రకటించారు.

ఇజ్రాయెల్ ఉదాహరణను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. అగ్రనాట్ నివేదికలో అధిక భాగం దశాబ్దాల పాటు రహస్యంగానే ఉంది. రాజకీయ నాయకత్వానికి ఇచ్చిన మినహాయింపుపై వివాదం నేటికీ ఆగలేదు. అయినా క్రమంలో ఒక ముఖ్య భేదం ఉంది. అక్కడ ముందు విచారణ, తరువాత నిష్క్రమణ. నివేదికలోని పేర్లే పదవులు వదిలాయి. నివేదిక విడిచిపెట్టినవారిని ప్రజలు విడిచిపెట్టలేదు. అమెరికాలో ముందు నిష్క్రమణ, తరువాత విచారణ. అందువల్ల అక్కడి ప్రజాస్పందన వెళ్లినవారి చుట్టూ తిరగగా, ఇక్కడి ప్రజాస్పందన ఉండిపోయినవారిని వెదికింది.

7. భారతీయ సందర్భం:

భారతదేశంలో గూఢచార సంస్థాధిపతుల రాజీనామాలు అరుదు. బాగా తెలిసిన ఉదాహరణ 1977 నాటిది. అత్యవసర పరిస్థితి తరువాత జనతా ప్రభుత్వం వచ్చినప్పుడు 'రా' వ్యవస్థాపకుడు ఆర్.ఎన్. కావ్ పదవి విడిచారు. ఆయన స్థానంలోకి వచ్చిన కె. శంకరన్ నాయర్ కొద్ది నెలలకే తప్పుకొన్నారు. పదవి హోదాను తగ్గించడానికి ఆయన అంగీకరించలేదు. ఇది కాప్స్ రాజీనామాను పోలిన వృత్తిగౌరవ నిష్క్రమణ. అత్యవసర పరిస్థితిలో ఆ సంస్థల పాత్ర ఏమిటన్న ప్రశ్నకు ఈ రాజీనామా సమాధానం కాదు.

1999 కార్గిల్ చొరబాట్ల తరువాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. గూఢచార వ్యవస్థ లోపాలను అది విస్తృతంగా చర్చించింది గాని వ్యక్తులకు బాధ్యత ఆపాదించలేదు. కొన్ని భాగాలు ప్రచురణలో తొలగించబడ్డాయి. 2008 నవంబరు ముంబయి దాడుల తరువాత కేంద్ర హోం మంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేశారు. గూఢచార సంస్థల అధిపతులెవరూ వైఫల్యానికి బాధ్యతగా పదవి వదులుకోలేదు. అమెరికాలో నివేదికతో పొంతన లేని రాజీనామాలు కనిపిస్తే, కార్గిల్ విషయంలో రాజీనామాలతో పొంతన లేని నివేదిక కనిపిస్తుంది. రెండు చోట్లా తెగిపోయినది ఒకే బంధం.

ఈ బంధాన్ని కలపగల చట్టబద్ధ ఏర్పాటు భారతదేశంలో బలహీనం. సమాచార హక్కు చట్టం, 2005లోని 24వ సెక్షను, రెండవ అనుబంధం ప్రకారం ఐ.బి., రా వంటి సంస్థలకు మినహాయింపు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల విషయంలో మాత్రమే సమాచారం కోరవచ్చు. ఈ సంస్థల అధికారాలను, పర్యవేక్షణను చట్టపరిధిలోకి తేవాలని మనీష్ తివారీ 2011లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుని బిల్లు చట్టం కాలేదు. మాజీ అధికారుల ఆత్మకథలు కొంతకాలం ఈ లోటును తీర్చాయి. శంకరన్ నాయర్, బి. రామన్ వంటివారి రచనలు ఇందుకు ఉదాహరణలు. 2021లో సవరించిన కేంద్ర పింఛను నియమాల ప్రకారం గూఢచార, భద్రతా సంస్థలలో పనిచేసినవారు ఆ సంస్థల పనికి సంబంధించి ఏదైనా ప్రచురించాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ కిటికీ కూడా ఇలా సన్నబడింది. ఈ స్థితిలో రేపు ఒక గూఢచార అధిపతి రాజీనామా చేస్తే దానిని చదవడానికి భారతీయ పౌరుని దగ్గర ఆ రాజీనామా వార్త తప్ప వేరే పాఠ్యం ఉండదు.

8. ముగింపు:

సి.ఐ.ఏ. నాయకత్వ నిష్క్రమణల పరిశీలనలో ఈ అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

• 2004–2006 మధ్య పదవులు వదిలినవారి నిష్క్రమణకు అధికారిక విచారణ కారణం కాలేదు. అధికారిక విచారణ పేర్కొన్నవారి విషయంలో జవాబుదారీ మండలి ఏర్పడనే లేదు.

• ప్రజాస్పందనలో అధిక భాగం రాజీనామాను పార్టీల గెలుపోటముల లెక్కలో చదివింది. సంఘటనల క్రమాన్ని అడిగిన బాధిత కుటుంబాల ప్రశ్నే జవాబుదారీతనానికి దగ్గరగా నిలిచింది.

• నివేదికకు ముందు జరిగే నిష్క్రమణ ప్రజల దృష్టిని వెళ్లినవారిపై నిలుపుతుంది. నివేదిక తరువాత జరిగే నిష్క్రమణ ఉండిపోయినవారిని కూడా ప్రశ్నించే అవకాశమిస్తుంది.

• గూఢచార సంస్థాధిపతి రాజీనామాను విశ్లేషించే పరిశోధకుడు మూడు ప్రశ్నలు తప్పక వేసుకోవాలి. రాజీనామా విచారణకు ముందా, తరువాతా? విచారణ పేర్కొన్నవారే వెళ్లారా? వెళ్లిన తరువాత ఆ నివేదిక ఎంతవరకు, ఎన్నాళ్లకు ప్రజలకు అందింది?

ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరకనంతవరకు గూఢచార అధిపతి సమర్పించిన పత్రం 'రాజీనామా' అన్న మాటకు ఉన్న పాత అర్థాన్నే వహిస్తుంది. అది వెళ్లేవారికీ పంపేవారికీ మధ్య కుదిరిన ఒడంబడిక. మూడవ పక్షమైన ప్రజల సమ్మతి ఆ పత్రం మీద ఉండదు.